ఇంటికి ఏ కంప్యూటరు?



ఇంటికి కంప్యూటరు కొనాలన్న ఆలోచన బయటికి చెబితే చాలు, సలహాలకు కొదవ ఉండదు. బెంగుళూరులో ఉన్న మేనల్లుడు ఫోను చేసి "మామయ్యా, మాక్ కొను, కళ్ళకద్దుకుంటావు" అంటాడు. అంగడివాడు "సార్, ఇది ఐ-సెవెన్, దీన్ని మించింది లేదు" అంటాడు. పక్కింటి మాష్టారు "మా అమ్మాయికి క్రోమ్‌బుక్ తీసుకున్నామండీ, చవగ్గా వచ్చింది" అంటారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి అవసరం వారికి తెలుసు, అంతే. మీ ఇంటి అవసరం ఏమిటో లెక్క వేసుకుని, ఏ రకం దానికి సరిపోతుందో ఈ ప్రసంగంలో చూద్దాం.

మన ప్రాంతాల వారికి ఇందులో మరో చిక్కు కూడా ఉంది. హోసూరులోనో, బళ్ళారిలోనో, రాయగడలోనో, సిరొంచలోనో ఉన్న తెలుగు ఇంట్లో బడి చదువు ఒక భాషలో, ఇంటి మాట మరో భాషలో, కంప్యూటరు మీటల మీద అక్షరాలు ఇంగ్లీషులో. పిల్లవాడు అమ్మమ్మతో తెలుగు గడగడా మాట్లాడతాడు. రాయమంటే కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో రాస్తాడు. యానాం శ్రోతలకు ఈ ఇబ్బంది తక్కువ. మిగిలిన చోట్ల, బడిలో తెలుగు దొరకని పిల్లకు తెలుగు అక్షరం కనబడే స్థలం ఇల్లే. కాబట్టి ఆ ఇంటికి వచ్చే యంత్రం తెలుగు రాస్తుందా, రాసినది పదేళ్ళ తరువాత కూడా చదవడానికి వస్తుందా అన్న ప్రశ్న మనకు చిన్నది కాదు.

అసలు కంప్యూటర్లలో ఇన్ని రకాలు ఎందుకున్నాయో ముందు కాస్త తెలుసుకుందాం. ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్లు అమెరికాలో 1977 ప్రాంతంలో బజారులోకి వచ్చాయి. యాపిల్-2, కమొడోర్, టాండీ ఇలా ఎవరి యంత్రం వారిదే. ఒకదాని కోసం రాసిన ప్రోగ్రాము మరొకదాని మీద నడిచేది కాదు. మన దేశంలో 1984లో బడుల కోసం మొదలుపెట్టిన క్లాస్ అనే పథకం కింద వచ్చినవి బ్రిటన్‌లోని ఏకార్న్ కంపెనీ రూపొందించిన బీబీసీ మైక్రోలు. తరువాత వచ్చిన యంత్రాల మీద వాటి ప్రోగ్రాములు నడవలేదు.

1981 ఆగస్టులో ఐబీఎం కంపెనీ తన పీసీని విడుదల చేసింది. దాని కోసం ఐబీఎం అన్నీ తానే తయారు చేయలేదు. ప్రాసెసరు ఇంటెల్ నుంచి, దాన్ని నడిపే డాస్ అనే మూల ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్ నుంచి తీసుకుంది. ఆ రెండు కంపెనీలూ అవే సరుకులను ఇతరులకూ అమ్ముకోగలిగాయి. దానితో కాంపాక్ మొదలుకొని ఎందరో అదే పద్ధతిలో యంత్రాలు చేశారు. మన ఊళ్ళలో అసెంబుల్డ్ కంప్యూటరు అంటామే, విడిభాగాలు తెచ్చి అంగడిలో బిగించి ఇచ్చేది, దాని పుట్టుక అక్కడే. 1984 జనవరిలో వచ్చిన యాపిల్ మాకింటాష్ దారి వేరు. బొమ్మలు చూపించి, మౌసుతో నొక్కించి, పని తేలిక చేసింది. కానీ యంత్రమూ, దానిలోని ప్రోగ్రామూ రెండూ ఒకే కంపెనీవి. విండోస్ 95 వచ్చిన 1995 తరువాత బొమ్మల సౌకర్యం పీసీకి కూడా బాగా అలవడింది. అయినా ఆ రెండు దారులూ ఈనాటికీ కలవలేదు. ఒకటి, పది మంది చేతులు పడిన బండి. రెండోది, ఒకే కార్ఖానాలో తయారై తాళం వేసి ఇచ్చిన బండి. ఎవరికి ఏది నప్పుతుందనేదే ఎప్పటికీ ఉన్న తగవు.

ఒక చిన్న ముచ్చట. ఆ బీబీసీ మైక్రో చేసిన ఏకార్న్ కంపెనీయే 1985లో ఆర్మ్ అనే ప్రాసెసరు నమూనాను తయారు చేసింది. కంపెనీ పేరు మరుగున పడింది గాని, ఆ నమూనా సంతతే మీ జేబులోని ఫోనులోనూ, కొత్త మాక్ కంప్యూటర్లలోనూ పని చేస్తోంది.

ఇప్పుడు అంగడికి వద్దాం. ఇంటికి కొనడానికి దొరికేవి ప్రధానంగా విండోస్ కంప్యూటర్లు, మాక్‌లు, క్రోమ్‌బుక్‌లు. డబ్బు పెట్టకుండా వేసుకోగల లైనక్సు వీటికి తోడు. వీటిలో ఏది గొప్పదని అడగకండి. ఇంట్లో చేయబోయే పనులను కాగితం మీద రాసుకుని, వాటిలో ఒకే రకం యంత్రం మీద నడిచేవి ఏవో ముందు గుర్తు పెట్టండి.

ఉదాహరణకు, ఇంట్లో ఎవరైనా వ్యాపారం లెక్కలు చూస్తున్నారనుకోండి. మన వైపు అంగళ్ళలో ఎక్కువగా వాడే ట్యాలీ విండోస్ కోసం చేసినది. ఇంజనీరింగు చదివే అబ్బాయికి కాలేజీలో సాలిడ్‌వర్క్స్ లాంటిది నేర్పితే, అదీ విండోసుదే. పెళ్ళి పత్రికలు, సంఘం కరపత్రాలు వేసి ఇచ్చే డీటీపీ పని ఉంటే, చాలా చోట్ల అది అను ఫాంట్లతో, పేజ్‌మేకరుతో సాగుతుంది. అది కూడా విండోసే. ఇక్కడొక తమాషా ఉంది. ఆ డీటీపీ పనివాళ్ళు వాడే అక్షరాల అమరికలలో ఒకదాన్ని "యాపిల్ కీబోర్డు" అంటారు. ఆ మాట విని యాపిల్ కంప్యూటరు కొంటే మాత్రం పని జరగదు! ఇలాంటి పని ఒక్కటి ఉన్నా మీ ప్రశ్నకు జవాబు వచ్చేసినట్టే. విండోస్ తీసుకోండి.

అలాంటి పని ఏదీ లేదు, పాఠాలు చూడడం, ఉత్తరాలు, ఆన్‌లైను క్లాసులు, కరెంటు బిల్లులు, రైలు టిక్కెట్లు, ఇంతేనంటారా? అప్పుడు క్రోమ్‌బుక్‌ను ఆలోచించవచ్చు. 2011లో మొదలైన ఈ రకం దాదాపు అన్ని పనులూ ఇంటర్నెట్ ద్వారానే చేస్తుంది. తక్కువ శక్తి గల ప్రాసెసరుతో కూడా చురుగ్గా నడుస్తుంది, వైరస్సుల బెడద తక్కువ, పిల్లవాడు పాడుచేసినా తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టడం నిమిషాల పని. కానీ మీ ఊళ్ళో నెట్టు ఎలా ఉంటుంది? వాన పడితే రెండు రోజులు పోయే చోట ఈ యంత్రం సగం మూగదవుతుంది. ముందుగా ఏర్పాటు చేసుకున్న పత్రాల మీద నెట్టు లేకుండానూ పని చేసుకోవచ్చుగాని, అన్నీ కుదరవు. మరో సంగతి. ప్రతి క్రోమ్‌బుక్ నమూనాకు భద్రతా మార్పులు ఫలానా తేదీ వరకే అందుతాయి. 2023లో గూగుల్ ఆ గడువును పదేళ్ళకు పెంచింది. అయితే ఆ పదేళ్ళు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ నమూనా పుట్టిన నాటి నుంచి లెక్క. అంగడిలో నాలుగేళ్ళుగా పడి ఉన్నది చవగ్గా ఇచ్చారంటే మీకు మిగిలేది ఆరేళ్ళే. ఆ తేదీని అడిగి కొనండి.

మాక్ గురించి ఎక్కువ చెప్పను. మంచి యంత్రం. బ్యాటరీ చాలాసేపు వస్తుంది, తెర బాగుంటుంది. 2020 నవంబరు నుంచి యాపిల్ తన సొంత ప్రాసెసర్లు వేస్తోంది, వాటి వేగానికి వంక పెట్టలేం. కానీ మాక్ ల్యాప్‌టాపులో ర్యామ్ కొన్నాక పెంచుకునే వీలు లేదు. కొన్న రోజున ఎంత తీసుకున్నారో ఆఖరి దాకా అంతే. పాత ఇంటెల్ మాక్‌లలో విండోసును కూడా పక్కన వేసుకునేవారు, కొత్తవాటిలో ఆ సౌకర్యం ఆ రూపంలో లేదు. సెకండ్ హ్యాండులో ఇంటెల్ మాక్ తక్కువకు వస్తోందని తొందరపడకండి. 2025లో వచ్చిన మాక్ ఓఎస్ 26 తరువాతి కొత్త రూపాలు వాటికి రావని యాపిల్ ముందే చెప్పింది. సంగీతం, వీడియో కూర్పు లాంటి పనులు చేసేవారు, పక్క పట్నంలో సర్వీసు సెంటరు ఉన్నవారు మాక్ కొనుక్కుంటే తప్పు పట్టను. ఎనిమిదో తరగతి పిల్లకు పాఠాల కోసం అంత డబ్బు పెట్టడం నాకు అనవసరం అనిపిస్తుంది.

ఇక మిగిలిన అందరికీ, అంటే మనలో ఎక్కువ మందికి, విండోస్ కంప్యూటరే. అసలు మోసపోయేది కూడా ఇక్కడే. కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం.

మన పట్నాలలో ఆఫీసులలో వాడి తీసేసిన కంప్యూటర్లను బాగుచేసి అమ్ముతుంటారు. పైన ఐ-ఫైవ్ అనో ఐ-సెవెన్ అనో చీటీ ఉంటుంది. ఆ ఐదూ ఏడూ చూసి సంతోషించకండి. దాని తరువాత ఒక చిన్న గీత, ఆ గీత పక్కన అంకెలు ఉంటాయి. ఉదాహరణకు ఐ5-6500 అని ఉందనుకోండి. ఆ ఆరు, ఆరో తరం అన్నమాట. ఐ5-8500 అంటే ఎనిమిదో తరం. ఐ5-10400 లాంటి వాటిలో మొదటి రెండు అంకెలు చూడాలి, అది పదో తరం. ఈ తరం అంకె ఎందుకు ముఖ్యమంటారా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. తరువాతిదైన విండోస్ 11, ఇంటెల్ యంత్రాలలో సుమారుగా ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలంటుంది. కాబట్టి ఆరో తరం ఐ-సెవెన్ కంటే ఎనిమిదో తరం ఐ-త్రీ ఇంటికి ఎక్కువ కాలం ఉపయోగపడుతుంది. అంగడివాడు "అదేం కాదు సార్, పదకొండు వేసి ఇస్తాం" అనవచ్చు. దొడ్డిదారిన వేయవచ్చు, నిజమే. కానీ అలా వేసిన దానికి మార్పులు వస్తూనే ఉంటాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. బ్యాంకు పని చేసే యంత్రానికి అది మంచిది కాదు.

కొత్తది కొన్నా రెండు సంగతులు చూడండి. ర్యామ్ 8 జీబీకి తగ్గకూడదు. విండోస్ 11కి 4 జీబీ చాలని రాసి ఉంటుంది గాని, అది ఇరుకింట్లో పెళ్ళి చేసినట్టుంటుంది. రెండోది, సమాచారం దాచే భాగం ఎస్‌ఎస్‌డి అయి ఉండాలి. తిరిగే పళ్ళెం ఉన్న పాత హార్డు డిస్కు కాదు. చవక ల్యాప్‌టాపులలో 64 జీబీ ఈఎంఎంసీ అని ఒకటి పెడతారు. విండోస్ తన మార్పులు దింపుకోవడానికే అది చాలీచాలనట్టు అయిపోతుంది. కొన్ని యంత్రాల మీద ధర తక్కువగా వేసి, పక్కన చిన్న అక్షరాలలో ఫ్రీడాస్ అని ఉంటుంది. అంటే అందులో విండోస్ లేదని అర్థం. మీరు విడిగా కొనాలి, లేదా లైనక్సు వేసుకోవాలి. అంగడివాడు ఊరికే వేసి ఇచ్చే దొంగ విండోస్ వద్దు. దానితో పాటు ఏమేం లోపలికి వస్తాయో చెప్పలేం. 2024 నుంచి ఆర్మ్ ప్రాసెసర్లున్న విండోస్ ల్యాప్‌టాపులు కూడా గట్టిగా వస్తున్నాయి. బ్యాటరీ బాగుంటుంది గాని, ఇంట్లో పాత ప్రింటరు ఉంటే దానికి తగిన డ్రైవరు దొరుకుతుందో లేదో ముందు కనుక్కోండి.

డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా? మన పల్లెల్లో కరెంటు సంగతి మీకు నేను చెప్పక్కరలేదు. డెస్క్‌టాపుకు యూపీఎస్ కావాలి, దాని బ్యాటరీ కొన్నేళ్ళకోసారి మార్చాలి. ల్యాప్‌టాపుకు బ్యాటరీ లోపలే ఉంటుంది. తెరతో కలిపి 100 వాట్లు తీసుకునే డెస్క్‌టాపును రోజుకు 4 గంటలు వాడితే నెలకు 12 యూనిట్లు. 40 వాట్ల ల్యాప్‌టాపుకు అయిదు యూనిట్లు కూడా కాదు. అయితే డెస్క్‌టాపుకు ఒక సుగుణం ఉంది. ఏ భాగం పోతే ఆ భాగం మార్చుకోవచ్చు. పవర్ సప్లై కాలిపోతే మీ వీధి చివర కుర్రవాడు మధ్యాహ్నానికల్లా మరొకటి బిగిస్తాడు. ల్యాప్‌టాపులో మదర్‌బోర్డు పోతే ఖర్చు గట్టిగానే అవుతుంది. చూడడానికి డెస్క్‌టాపులా ఉండే ఆల్-ఇన్-వన్ అనే రకం ఉంది. తెర వెనకాలే అంతా ఇరికించి ఉంటుంది. దాని రిపేరు కూడా ల్యాప్‌టాపు లాంటిదే. ఇద్దరు ముగ్గురు పిల్లలు వంతులవారీగా వాడే ఇంట్లో, ఒక బల్ల మీద అందరికీ కనబడేలా ఉండే డెస్క్‌టాపే మేలని నా అభిప్రాయం. ఎవరేం చూస్తున్నారో పెద్దలకు తెలుస్తుంది కూడా.

సరిహద్దులో ఉన్నాం గదా, పక్క రాష్ట్రంలో కొంటే చవకేమో అని పూర్వం నుంచి మనకో అలవాటు. అప్పట్లో రాష్ట్రానికో పన్ను ఉండేది కాబట్టి ఆ లెక్కకు అర్థం ఉండేది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ల్యాప్‌టాపు మీద పన్ను బళ్ళారిలో ఎంతో అనంతపురంలో అంతే, పర్లాకిమిడిలో ఎంతో శ్రీకాకుళంలో అంతే. ఇప్పుడు చూడవలసింది సర్వీసు. మీ పిన్ కోడు చెప్పి, చెడిపోతే మనిషి ఇంటికి వస్తాడా, మీరే మోసుకుని వెళ్ళాలా, వెళితే ఏ ఊరికి, ఈ మూడూ అడగండి. యంత్రం నంబరు వేసిన బిల్లు తీసుకోండి.

కొత్తది కొనే స్తోమత ప్రస్తుతం లేదనేవారికి ఒక మాట. తమిళనాడు ప్రభుత్వం 2011 నుంచి హయ్యర్ సెకండరీ విద్యార్థులకు ఉచితంగా ల్యాప్‌టాపులు ఇచ్చింది. కృష్ణగిరి, హోసూరు వైపు తెలుగు ఇళ్ళలో కూడా అలాంటివి అటక మీద ఉండే ఉంటాయి. అలాంటి పాత యంత్రంలో హార్డు డిస్కు తీసి చిన్న ఎస్‌ఎస్‌డి పెట్టి, వీలైతే ర్యామ్ పెంచి, లైనక్సు వేస్తే పిల్లల చదువుకు పనికొస్తుంది. లైనక్సు మింట్ ఉంది, మన సీ-డాక్ వారు తయారు చేసిన బాస్ ఉంది, రెండూ ఉచితం. లిబర్ ఆఫీసులో పత్రాలు రాసుకోవచ్చు. మొదటిసారి వేయడానికి తెలిసినవారి సాయం కావాలి. కాలేజీలో చదివే కుర్రవాడెవరైనా సాయం పడతాడు.

ఇక తెలుగు సంగతి. ఇక్కడ మనకు శుభవార్తే. ఒకప్పుడు తెలుగు ఫాంటు ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. ఒక కంప్యూటరులో రాసింది మరో కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు కనబడేవి. అలా పనికిరాకుండా పోయిన సంఘాల పత్రికలు, వంశవృక్షాలు, పాటల పుస్తకాలు ఎన్నో. యూనికోడు అనే పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఉంటుంది. అందులో 1991లోనే తెలుగుకు చోటిచ్చారు. విండోసులో 2001 నాటి ఎక్స్‌పీ నుంచి తెలుగు ఉంది. నేటి విండోస్, మాక్, క్రోమ్‌బుక్, లైనక్సు నాలుగింటిలోనూ యూనికోడు తెలుగు నడుస్తుంది. ఒకదానిలో రాసింది మరొకదానిలో చక్కగా తెరుచుకుంటుంది. అంటే తెలుగు కోసం ఫలానా రకమే కొనాలన్న నిర్బంధం మనకు లేదు. డీటీపీ అంగడిలో పాత ఫాంటులో ఏదైనా చేయించినప్పుడు మాత్రం, యూనికోడులో కూడా ఒక ప్రతి ఇమ్మని అడిగి తెచ్చుకోండి.

మీటల మీద ఇంగ్లీషు అక్షరాలే ఉంటే తెలుగు ఎలా కొట్టాలి అంటారా? ఇన్‌స్క్రిప్ట్ అనే అమరిక ఉంది. దాని గొప్పదనం ఏమిటంటే, అన్ని భారతీయ భాషలకూ అక్షరాల స్థానం ఒకటే. తెలుగు 'క' ఏ మీట మీద ఉందో కన్నడ 'క', ఒడియా 'క', మరాఠీ 'క' కూడా అదే మీట మీద ఉంటాయి. ఒడియా ఇన్‌స్క్రిప్ట్ వచ్చిన పిల్లకు తెలుగు కొట్టడం మళ్ళీ నేర్పక్కరలేదు, భాష మార్చి అవే మీటలు నొక్కితే చాలు. కర్ణాటకలో నుడి, తమిళనాడులో తమిళ్99 అనే వేరే అమరికలు కూడా వాడుకలో ఉన్నాయి. అవి నేర్చినవారికి ఈ సులువు ఉండదు. అలాంటివారు ఇంగ్లీషు అక్షరాలలో పలుకు కొడితే తెలుగుగా మారే ఫొనెటిక్ పద్ధతి వాడవచ్చు. విండోసులో అది 2019 నుంచి తెలుగుకు కూడా ఉంది. విండోస్ గుర్తు ఉన్న మీటనూ, కింద పొడుగ్గా ఉండే స్పేసు మీటనూ కలిపి నొక్కితే ఒక భాష నుంచి మరో భాషకు మారుతుంది. ఒకే పేజీలో బడి కన్నడమూ ఇంటి తెలుగూ పక్కపక్కన రాసుకోవచ్చు.

అంగడిలో డబ్బు కట్టే ముందు ఆ యంత్రంలో తెలుగును చేర్పించి, మీ ఎదుటే నాలుగు మాటలు కొట్టించండి. లక్ష్మి, రాష్ట్రం, స్వాతంత్ర్యం లాంటి వత్తులున్న మాటలైతే మంచిది. వత్తులు విడిపోకుండా సరిగ్గా కూర్చుంటున్నాయేమో చూసుకోండి. అది అయిదు నిమిషాల పని. ఇంటికి తెచ్చాక పిల్లలనే కూర్చోబెట్టి, ఇంట్లో వాళ్ళందరి పేర్లూ తెలుగులో కొట్టమనండి.